ఐసు బండ్లూ చదరంగం ఎత్తులూ

మా ఆఫీసు గోడకు నలభై మూడు అంగుళాల టీవీ ఒకటి ఉంది. అందులో ఛానళ్ళేవీ రావు. పదకొండు రంగుల గీతలు ఎడమ నుంచి కుడికి మెల్లగా కదులుతూ ఉంటాయి, అంతే. కొత్త కనెక్షన్ కోసం వచ్చినవాళ్ళు కాసేపు దానికేసి చూసి, "ఇదేం సీరియలండీ?" అని అడుగుతారు. "ఊరండీ" అని చెబుతాను. వేళాకోళానికి కాదు, నిజంగానే.

పాలకొల్లు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, కాలవ గట్టు పక్కన ఉంటుంది మా ఆఫీసు. చుట్టుపక్కల వీధులకు ఇంటర్నెట్ ఇస్తాం. పనిచేసేది ముగ్గురం. మేడంగారు యజమాని. కేబుల్ టీవీ రోజుల నుంచీ ఈ వ్యాపారం ఆవిడ చేతుల మీదే నడుస్తోంది. రెండో మనిషి లైన్‌మన్. ఇరవై ఏళ్ళుగా స్తంభాలెక్కుతున్నాడు, నేను బాబాయ్ అని పిలుస్తాను. మూడోవాణ్ణి నేను. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసి, రెండేళ్ళ క్రితం ఇక్కడ చేరాను.

ప్రతి వీధికీ స్తంభం మీద ఒక పెట్టె ఉంటుంది. ఆఫీసు నుంచి వెళ్ళిన ఫైబర్, అంటే వెలుతురు మీద నెట్ మోసే గాజు తీగ, ఆ పెట్టెలో దిగుతుంది. లోపల ఆ నెట్‌ను పంచే ఎనిమిది రంధ్రాల చిన్న డబ్బా ఉంటుంది, దాన్ని స్విచ్ అంటాం. అక్కడి నుంచి ఇళ్ళకు వైర్లు వెళతాయి. పదకొండు పెట్టెలు కాబట్టి పదకొండు గీతలు. వీధి ఎంత నెట్ వాడితే దాని గీత అంత పైకి లేస్తుంది.

చేరిన మొదటి నెలలోనే ఈ గీతల సంగతులన్నీ నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. పాలకేంద్రం వీధి ఉదయం ఐదుంపావుకు భక్తి పాటలతో నిద్ర లేస్తుంది. రొయ్యల చెరువుల పెట్టె అసలు నిద్రపోదు. గట్ల మీద కెమెరాలు ఉన్నాయి కాబట్టి దాని గీత రోజంతా బల్లపరుపుగా ఉంటుంది. క్రికెట్ ఉన్న రోజు పదకొండూ కలిసి లేస్తాయి, మనవాళ్ళ వికెట్లు పోతుంటే కలిసి దిగుతాయి. వాన పడితే పైకి, కరెంటు పోతే సున్నాకు. బడి వీధిలో మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పది నిమిషాల పాటు చిన్న మెట్టులాంటిది కనిపించేది. మూడు వారాలు అదేమిటో తెలియలేదు. చివరికి ఒక టీచరుగారు తనంతట తానే చెప్పారు, భోజనాలయ్యాక అందరూ కలిసి వంటల వీడియో చూస్తారట. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంజినీరింగ్ పట్టా తీసుకున్న రోజు కూడా కలగలేదు.

సహజంగానే ఊళ్ళో ఒక అనుమానం పుట్టింది. మందుల షాపాయన ఒకసారి వచ్చి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"మా ఇంట్లో ఏం చూస్తున్నదీ ఇందులో తెలిసిపోద్దా అండి?"

"తెలియదండి. కవరు మీద అడ్రసు కనిపిస్తుంది, కవరు ఎంత లావుందో కనిపిస్తుంది. లోపల ఉత్తరం సీలు వేసి ఉంటుంది. మా వల్ల కాదు."

"లావు తెలుత్తాదంటారు."

"లావు తెలుస్తుందండి."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే కొంచెం సన్నగా చూసుకోమని చెప్తానండి మా వాళ్ళకి" అని వెళ్ళిపోయాడు.

అప్పుడే ఒక అట్ట మీద మూడు నియమాలు రాసి టీవీ కింద అంటించాను. ఒకటి, కవరు మాత్రమే చూస్తాం. రెండు, వీధిని చూస్తాం, ఇంటిని చూడం. మూడు, ఇంటిని చూడాల్సి వస్తే ఆ ఇంటివాళ్ళను అడిగి చూస్తాం. మర్నాటికి వాటి కింద పెన్సిలుతో నాలుగోది చేరింది: "ముందు స్తంభం ఎక్కి చూస్తాం." దస్తూరి బాబాయ్‌ది.

బాబాయ్‌కి నా గీతల మీద నమ్మకం లేదు. ఆయన వైరును వేళ్ళ మధ్య నలిపి, లోపల తెగిందో లేదో చెప్పేస్తాడు. ఫ్యూజు కాలితే వాసన చూసి ఏ పూట కాలిందో చెబుతాడు. అందుకే మా ఇద్దరి మధ్యా ఒక పందెం నడుస్తోంది. లోపం ఎక్కడుందో ముందు ఎవరు కనిపెడితే వాళ్ళకు ఒక పాయింటు. లెక్క నా నోటు పుస్తకంలో ఉంటుంది. మొన్న దసరా నాటికి ఆయన పద్నాలుగు, నేను పదకొండు.

ఇక దసరా సంగతికి వస్తాను.

మహర్నవమి నాడు మా ఆఫీసులో ఆయుధ పూజ పద్ధతిగా జరుగుతుంది. ఫైబర్ అతికే మిషను, వెలుతురు కొలిచే మీటరు, కటింగ్ ప్లేయరు, నిచ్చెన, నా లాప్‌టాప్, గోడ మీద టీవీ, అన్నిటికీ పసుపూ కుంకుమా పడతాయి. నా కీబోర్డులో రెండు మీటల మధ్య కుంకుమ ఇప్పటికీ ఉంది. ఆఫీసులో హారతి అయ్యాక బాబాయ్ తన బండి హ్యాండిలుకు ఒక సంచీ తగిలించుకుని బయల్దేరతాడు. పదకొండు పెట్టెలకూ వెళ్ళి, ఒక్కొక్కటీ తెరిచి, వైర్లు ఊడదీసి, లోపల దుమ్ము తుడిచి, స్విచ్‌కు బొట్టు పెట్టి, బంతి పువ్వు ఉంచి, వైర్లు మళ్ళీ పెట్టేసి, కొబ్బరికాయ కొట్టి వస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే ఆయన పద్ధతి. "ఏడాదంతా మనకి అన్నం పెట్టే పెట్టెలవి. ఒక్క రోజు స్నానం చేయించకపోతే ఎలాగ?" అంటాడు.

మర్నాడు, అంటే దశమి నాడు పొద్దున్నే, రేవు పేట గీత పడిపోయింది.

రేవు పేట మా పదకొండో పెట్టె. కాలవ వెళ్ళి ఏటిలో కలిసేచోట, చేపల పడవలు ఆగే రేవు దగ్గర ఉంటుంది. కనెక్షన్లు ఐదిళ్ళకే ఉన్నా, నెట్ పేటంతా వాడుకుంటుందని నాకు గీతను చూస్తే తెలుసు. ఆ గీత కత్తితో కోసినట్టు సున్నాకు దిగింది. బాబాయ్ వెళ్ళి పెట్టె తెరిచాడు. గీత లేచింది. ఏమీ లేదని మూసి వచ్చేశాడు. మళ్ళీ పడింది. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ లేచింది.

"ఏంటి బాబాయ్ అది?"

"నేనెక్కితే వత్తంది, దిగితే పోతంది. నన్ను చూత్తే దానికి భక్తో భయమో తెలీట్లేదు."

శుక్రవారం మధ్యాహ్నం ఒకావిడ ఖాళీ చేపల బేసిను చంకన పెట్టుకుని ఆఫీసులోకి వచ్చింది. ఎండలో ఊళ్ళు తిరిగి అమ్మి వస్తోందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. బేసిను గుమ్మం పక్కన బోర్లించి, ముగ్గురినీ ఒకసారి చూసింది.

"నెట్టు తిప్పేది మీలో ఎవరండీ?"

మేడంగారు నన్ను చూపించారు. బాబాయ్ కూడా నన్నే చూపించాడు.

"మాది రేవు పేటండి. మా పాప తొమ్మిదో తరగతి. చెస్సు ఆడుద్దండి. కంప్యూటర్లో పోటీ పెట్టారు, ఎక్కడెక్కడి పిల్లలో ఆడుతున్నారు. పోయిన ఆదివారం ఐదాటల్లో నాలుగు గెలిచి, ఒకటి సమానం చేసిందండి. ఈ ఆదివారం ఆఖరాట. అది గెలిస్తే రాష్ట్రం జట్టు ఎంపికకి పిలుత్తారంట." ఆవిడ గుక్క తిప్పుకుంది. "నిన్న వాళ్ళ సారుతో ప్రాక్టీసు ఆడతంటే మజ్జిలో నెట్టు పోయింది. బొమ్మలు ఆగిపోయినాయి గానీ గడియారం ఆగదంటండి. టైమైపోయి ఓడిపోయింది. రాత్రి అన్నం తినలేదు."

"ఫోను నెట్ మీద ఆడకూడదా అమ్మా?" అన్నారు మేడంగారు.

"మా పేటలో సిగ్నల్ రేవు గట్టు చివర తప్ప రాదండి. అక్కడ కూర్చుంటే ఒక పక్క గాలి, ఒక పక్క పడవలోళ్ళ కేకలు. పైగా పక్క నుంచి కెమెరా ఒకటి పెట్టి కదలకుండా కూర్చోవాలంట, దొంగాట ఆడట్లేదని." నా వైపు తిరిగింది. "ఈ టీవీలో మా పేట ఉందా అండి?"

ఆకుపచ్చ గీతను చూపించాను. అప్పుడు కూడా అది కిందే పడి ఉంది.

"మా పిల్ల గడియారం పరిగెడతంటే, మీ గీత పడుకుని నిద్రపోతందండీ" అంది ఆవిడ.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. రెండేళ్ళుగా ఆ టీవీ చూసి మురిసిపోతున్నవాణ్ణి నేనే కదా.

గీత చెప్పేది ఎంత అన్నది మాత్రమే. ఏమిటి అన్నది తెలియాలంటే వైరులో వెళ్ళే ప్యాకెట్లను, అంటే నెట్‌లో పోయేదంతా విడిపోయే చిన్న చిన్న ముక్కలను, ఒక్కొక్కటిగా పట్టి చూపించే ప్రోగ్రాం వేరే ఉంది. లాప్‌టాప్‌ను ఆఫీసు స్విచ్‌లో రేవు పేట లైను వచ్చే రంధ్రానికి కలిపి, దాన్ని నడిపాను. ఒక్క క్షణంలో స్క్రీన్ నిండిపోయింది. గీత లెక్కపెట్టేది బయటి ఇంటర్నెట్‌కు వచ్చిపోయేదాన్నే, పేటలోనే తిరిగేది దానికి కనిపించదు. చూస్తే అన్నీ ఒకటే ప్యాకెట్. నెట్‌వర్క్‌లో ఒక యంత్రం ఇంకో యంత్రాన్ని వెతుక్కోవాలంటే "ఈ అడ్రసు మీలో ఎవరిది?" అని ఒకసారి అందరినీ అడుగుతుంది. ఎవరో ఒకరు పలుకుతారు, అక్కడితో సరి. ఇక్కడ అదే ప్రశ్న, అదే యంత్రం నుంచి, అక్షరం తేడా లేకుండా వేలసార్లు వస్తోంది. అడిగినవాడు ఒక్కసారే అడిగాడు. ఆ ప్రశ్న ఎక్కడో గుండ్రంగా తిరుగుతోంది. ఆ తిరుగుడులో పేటవాళ్ళ నెట్‌కు దారి లేకుండా పోయింది.

బాబాయ్‌కి చెప్పాను. "లోపల ఎక్కడో వైరు తిరిగి తన దగ్గరికే వచ్చింది బాబాయ్. పెట్టెలో తేడాగా ఏమన్నా కనిపించిందా?"

"తేడా ఏముంటుంది? నా చేత్తో తుడిచిన పెట్టె. అన్నీ ఎక్కడివక్కడ పెట్టి ఉన్నాయి. ఒక్క వైరు కూడా వేలాడట్లేదు."

సమాధానం ఆ మాటలోనే ఉంది. నాకు వినిపించలేదు.

నేను నా అలవాటు ప్రకారం పట్టిక తీశాను. రెండు రోజుల్లో గీత పడిన వేళలు వరుసగా పైకి చదివాను, ఎవరి కోసమో కాదు, నాకోసమే. "నిన్న ఉదయం ఆరుంపావు. ఏడు. పదకొండు ఇరవై. సాయంత్రం నాలుగున్నర. ఇవాళ ఆరు ఇరవై. ఏడూ ఐదు. పదకొండు ఇరవై."

గుమ్మం దగ్గర కూర్చున్న ఆవిడ నవ్వింది.

"అవన్నీ మీరు రాసి పెట్టుకున్నారా అండి? మాకైతే నోటికొచ్చు."

"ఏంటండీ అవి?"

"ఐసు బండ్లు వచ్చే టైములు. ఆరుంపావుకి చిన్న బండి, ఏడింటికి పెద్ద లారీ, పదకొండు ఇరవైకి మళ్ళీ చిన్నది, నాలుగున్నరకి పెద్దది. ఏ బండి వచ్చినా మా ఇంట్లో అలమరలో గిన్నెలు కూడా మోగుతాయండి."

నేను బాబాయ్ వైపు చూశాను. బాబాయ్ నా వైపు చూడలేదు. పైకప్పు వైపు చూస్తున్నాడు. ఆయన ముఖంలో ఏదో లెక్క నడుస్తోంది.

"ఒక్కసారి వెళ్దాం పద" అన్నాడు.

ఇద్దరం బండి మీద, ఆవిడ ఆటోలో బయల్దేరాం. పెట్టె ఉన్న స్తంభం సరిగ్గా లారీ మలుపు తిరిగే చోట ఉంది. నిచ్చెన వేసి ఇద్దరం చెరో పక్క నిలబడ్డాం. లోపల అద్దంలా శుభ్రంగా ఉంది. స్విచ్ నుదుట బొట్టు, దాని మీద ఎండిన బంతి పువ్వు. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. ఆఫీసు నుంచి వచ్చేది ఒకటి. ఇళ్ళకు వెళ్ళేవి ఐదు. మొత్తం ఆరు ఉండాలి. లాప్‌టాప్ పెట్టి చూసుకోవడానికి బాబాయ్ ఎప్పుడూ ఒక పొట్టి నీలం వైరు అందులో ఉంచుతాడు. ఒక కొన స్విచ్‌లో ఉంటుంది, రెండోది బయటికి వేలాడుతుంది. దానితో ఏడు.

ఎనిమిది రంధ్రాలూ నిండి ఉన్నాయి.

"బాబాయ్."

"తెలిసింది" అన్నాడు.

నీలం వైరు రెండు కొనలూ అదే స్విచ్‌లో ఉన్నాయి. రెండో కొనకు క్లిప్పు విరిగిపోయి ఉంది. పెట్టె తలుపు మూస్తే వైరు వంగి ఆ కొన మీద ఒత్తుతుంది, ఐసు బండి మలుపు తిరిగితే స్తంభం అదిరి అది లోపలికి జరుగుతుంది. అంతే, గుండ్రం పూర్తవుతుంది. బాబాయ్ వచ్చి తలుపు తెరవగానే ఒత్తిడి పోయి కొన రంధ్రంలోనే కొంచెం వెనక్కి జారుతుంది. నెట్ వచ్చేస్తుంది. భక్తీ కాదు, భయమూ కాదు.

"పండగ పూట అన్నీ చక్కగా కూర్చున్నాయి, ఇదొక్కటీ వేలాడతా ఉందిరా అబ్బాయ్. చూడ్డానికి బాగోలేదు. దీనికీ ఒక చోటు ఉంటే బావుండుననిపించి పెట్టేశాను."

ఆయన నీలం వైరును రెండు వైపులా లాగి, చుట్ట చుట్టి జేబులో వేసుకున్నాడు. నిచ్చెన మీద ఒక నిమిషం అలాగే నిలబడ్డాడు. కింద ఆవిడ ఆటో దిగి, తల పైకెత్తి చూస్తోంది. లోపం ఏమిటో చెప్పకుండా "అయిపోయిందమ్మా" అనేసినా సరిపోయేది. నేనైతే అలాగే అనేవాణ్ణేమో. బాబాయ్ దిగి, నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"చెల్లెమ్మా, మీ పాప నిన్న ఓడిపోయింది నావల్ల. పండగనాడు పెట్టెకి పూజ చేసి, పెట్టకూడని వైరు పెట్టాను."

ఆవిడ స్తంభం మీది పెట్టెను, అందులో బంతి పువ్వును చూసింది. కోపం వస్తుందనుకున్నాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయింది.

"అమ్మోరికి పూజ చేత్తే వరం ఇత్తాదన్నయ్యా. ఈ డబ్బాకి పూజ చేత్తే ఇదేంటి, మా ఇంటిమీద పడింది? వచ్చే ఏడు దీనికి బొట్టు పెట్టేటప్పుడు నన్ను పిలవండి. దగ్గరుండి పెట్టిత్తాను."

నాలుగున్నర కాబోతోంది. ముగ్గురం స్తంభం కిందే నిలబడ్డాం. పెద్ద లారీ వచ్చింది, స్తంభం అదిరింది, నిచ్చెన గలగలలాడింది. నేను ఫోన్‌లో గీత చూస్తున్నాను. కదలలేదు. ముగ్గురు మనుషులు స్తంభం కింద నిలబడి తన లారీకేసి అంత ప్రేమగా ఎందుకు చూస్తున్నారో తెలియక, డ్రైవరు హారన్ కొట్టి చెయ్యి ఊపి వెళ్ళాడు.

అప్పుడే ఆ అమ్మాయి బడి నుంచి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో ఉంది. అమ్మ సంగతంతా చెప్పింది. నేను మూడో నియమం ప్రకారం అడిగాను.

"ఆదివారం నీ ఆట జరుగుతున్నప్పుడు మీ ఇంటి నెట్ నేను చూడొచ్చా? ఏమన్నా తేడా వస్తే వెంటనే తెలుస్తుంది."

"నా ఎత్తులు కనిపిస్తాయా అంకుల్?"

నాకు ఇరవై ఆరేళ్ళు. బాబాయ్ పక్కకు తిరిగి దగ్గాడు.

"ఎత్తు వేశావని తెలుస్తుంది. ఏం వేశావో తెలియదు."

ఆ అమ్మాయి కొంచెంసేపు ఆలోచించింది. "అయితే చూడండి. కానీ నేను ఎంతసేపు ఆలోచించానో మాత్రం మా సారుకి చెప్పకండి."

ఆదివారం ఆట పదిన్నరకు. మేడంగారు ఎప్పుడూ లేనిది ఆఫీసు తెరిపించి, ఫ్లాస్కుతో కాఫీ తెచ్చారు. బాబాయ్ మాత్రం ఆఫీసుకు రాలేదు. "నేను పెట్టె దగ్గరుంటాను. గీత నీ వంతు, స్తంభం నా వంతు" అని పొద్దున్నే స్టూలు పట్టుకుని రేవు పేట వెళ్ళిపోయాడు.

టీవీలో పదకొండు గీతలూ తీసేసి, ఒక్క ఇంటిని పెట్టాను. ఇందులో చూడాల్సినవి మూడు. పక్క కెమెరా నుంచి వెళ్ళే వీడియో నిండు కాలవలా ఒకే మట్టంలో పోతుంటుంది. దాన్ని పక్కన పెట్టేశాను. రెండోది, ఆట జరిగే సర్వరూ లాప్‌టాపూ "ఉన్నావా, ఉన్నాను" అని ఒకరినొకరు పలకరించుకునే చిన్న ప్యాకెట్లు. కొన్ని సెకన్లకొకటి, అన్నీ ఒకే సైజులో. మూడోది ఎత్తు. అది వాటికంటే పిసరంత పెద్దది. అటు నుంచి ఒకటి వస్తుంది, ఇటు నుంచి ఒకటి వెళుతుంది. పక్క వీధిలో ఎవరో చూసే ఒక్క నిమిషం వీడియోలో ఇలాంటి ఆటలు వేలకు వేలు పడతాయి. ఎత్తులను మాత్రమే తెర మీద చుక్కలుగా పెట్టాను. వచ్చినవి ఎరుపు, వెళ్ళినవి ఆకుపచ్చ.

"ఇదేనా ఆట?" అన్నారు మేడంగారు.

"ఇదేనండి."

ఎరుపు, ఆకుపచ్చ, ఎరుపు, ఆకుపచ్చ. మొదట్లో గబగబా పడ్డాయి. తర్వాత దూరం దూరంగా. ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని, తాగడం మర్చిపోయి కూర్చున్నారు.

"ఎరుపు వాళ్ళు ఇందాకటి నుంచి బాగా ఆలస్యం చేస్తున్నారు కదా. ఇబ్బందిలో పడ్డారంటావా?"

"ఉత్తరం సీలు వేసి ఉందండి. తెలియదు."

"నాకు తెలుస్తోంది అబ్బాయ్. ఇబ్బందిలోనే ఉన్నారు" అన్నారు. ఇదే మనిషి ఆ టీవీ కొనేటప్పుడు, కనీసం సినిమా అయినా వస్తే నలుగురు కూర్చుని చూసేవాళ్ళన్నారు.

పదకొండుంపావుకు ఒక ఎరుపు చుక్క పడింది. ఆ తర్వాత ఆకుపచ్చది పడలేదు. ఒక నిమిషం. రెండు. మూడు. పలకరింపులు వెళుతూనే ఉన్నాయి కాబట్టి నెట్ ఉంది, మనిషే కదలడం లేదు. అప్పుడు ఫోన్ మోగింది. స్పీకరులో పెట్టాను. బాబాయ్ గొంతు, దాని వెనక ఇంజను చప్పుడు.

"అబ్బాయ్, ఐసు బండి వచ్చేసింది. మలుపు దగ్గర ఆపేశాను. ఆట అయ్యేదాకా కదలనివ్వను."

వెనక నుంచి డ్రైవరు: "ఐసు కరిగిపోతంది బాబాయ్! బండిలోంచి నీళ్ళు కారతన్నాయి, చూడు!"

"కారనీ. ఆ పిల్ల ఆట కంటే ఎక్కువా నీ ఐసు?"

"చేపలోళ్ళు నన్ను కోసి ఉప్పేత్తారు!"

"బాబాయ్, వదిలేయండి" అన్నాను. "వైరు తీసేశాం కదా. ఏమీ కాదు. శుక్రవారం పెద్ద లారీకే కాలేదు."

"శుక్రవారం వేరు, ఇవాళ వేరు. నువ్వక్కడ గీతలు చూత్తన్నావు, నేనిక్కడ స్తంభాన్ని చూత్తన్నాను. ఊగుద్దిది."

అటు నుంచి ఇంకో గొంతు వినిపించింది. ఆ అమ్మాయి తల్లి. లోపల కూతురికి వినపడకుండా గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"అన్నయ్యా, బండిని రానియ్యండి. ఐసు కోసం రేవులో అందరూ చూత్తన్నారు. మీరు సరి చేశారు, నేను కళ్ళారా చూశాను. నాకే నమ్మకం ఉంటే మీకెందుకు లేదు?"

తర్వాత బాబాయ్, "మెల్లగా పో. గర్భిణీ మనిషిని ఎక్కించుకున్నట్టు పో" అన్నాడు.

బండి కదిలిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. మేడంగారు నా భుజం పట్టుకున్నారు. నేను పలకరింపు ప్యాకెట్లు చూస్తున్నాను. ఉన్నావా, ఉన్నాను. ఉన్నావా, ఉన్నాను. చప్పుడు పెద్దదై, మలుపు తిరిగి, దూరమైంది. ఒక్క ప్యాకెట్ కూడా తప్పిపోలేదు.

ఆకుపచ్చ చుక్క పడింది.

ఇక అక్కడి నుంచి ఆకుపచ్చవి ఎరుపును తరుముతున్నట్టు పడ్డాయి. ఎరుపు పడీ పడగానే ఆకుపచ్చ. పన్నెండు ఆకుపచ్చలు లెక్కపెట్టాను. పదమూడోది పడ్డాక ఎరుపు రాలేదు. సర్వరు నుంచి కొంచెం పెద్ద ప్యాకెట్ ఒకటి వచ్చింది. కనెక్షన్ మూసుకుంది.

"ఏమైంది?" అన్నారు మేడంగారు.

"ఆట అయిపోయిందండి."

"ఎవరు గెలిచారు?"

"ఉత్తరం లోపల ఉంటుందండి అది."

"నీ ఉత్తరం తగలెయ్య! బాబాయ్‌కి చెయ్యి ఫోన్."

ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఏం చేయాలో తోచక, టీవీలో పాత పదకొండు గీతలూ మళ్ళీ పెట్టాను. రేవు పేటది మామూలుగానే ఉంది. ఒక నిమిషం గడిచింది. తర్వాత ఆ ఆకుపచ్చ గీత నెమ్మదిగా తల ఎత్తింది. ఇంకొంచెం లేచింది. చూస్తుండగానే నిలువుగా పైకి పోయింది. అదీ పేట లోపలికి వచ్చేది కాదు, పేట నుంచి బయటికి వెళ్ళేది. ఫోటోలు, వీడియోలు, వీడియో కాల్స్. ఐదిళ్ళ నెట్ మీద పేటంతా ఒక్కసారి పడ్డట్టుంది. క్రికెట్ రోజున కూడా ఆ గీత అంత ఎత్తుకు వెళ్ళగా నేను చూడలేదు.

"అబ్బాయ్" అన్నారు మేడంగారు, మెల్లగా. "ఓడిపోతే ఎవరన్నా ఇన్ని ఫోటోలు పంపుతారా?"

"పంపరండి."

ఆవిడ చల్లారిపోయిన కాఫీని ఒక్క గుక్కలో తాగేశారు. పది నిమిషాల తర్వాత బాబాయ్ ఫోన్ చేశాడు. అరుపులు, ఈలలు, వాటి మధ్య ఆయన గొంతు. "విన్నావా? మా పిల్ల గెలిచిందిరా!" అన్నాడు. ఎప్పుడు మా పిల్ల అయిందో నేను అడగలేదు.

ఆ సాయంత్రం రిజిస్టరులో లోపం, కారణం, సరిచేసిన విధానం రాశాను. కారణం దగ్గర "అదనపు వైరు" అని మాత్రమే రాశాను. మర్నాడు చూస్తే దాని పక్కన పెన్సిలుతో "పెట్టింది నేనే" అని ఉంది. నోటు పుస్తకంలో పాయింటు ఎవరికి వేయాలో మాత్రం ఇద్దరికీ తేలలేదు. చాలాసేపు వాదించుకుని, చివరికి మూడో వరుస ఒకటి గీసి, చేపలావిడ పేర ఒకటి వేశాం.

సోమవారం బడి అయ్యాక తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. బేసినులో అరిటాకు కింద మాకోసం పండుగప్ప చేప ముక్కలు ఉన్నాయి. ఆ అమ్మాయికి ఒక కాగితం ఇచ్చాను. ఆదివారం ఆట మొత్తం, ఎరుపు ఆకుపచ్చ చుక్కలుగా, కింద వేళలతో ప్రింటు తీశాను. ఆ అమ్మాయి దాన్ని బల్ల మీద పరిచి, వేలితో చుక్క తరవాత చుక్క చూపిస్తూ మాకు చదివి వినిపించింది. ఇక్కడ బంటు. ఇక్కడ గుర్రాన్ని కావాలనే ఇచ్చేశాను. ఇక్కడ వాళ్ళు చాలాసేపు ఆలోచించారు, తీసుకోవాలా వద్దా అని. మేడంగారు నా వైపు చూసి, "చెప్పానా? ఇబ్బందిలో ఉన్నారని" అన్నారు.

వేలు పదకొండుంపావు దగ్గరికి వచ్చి ఆగింది. ఆ ఎరుపు చుక్కకీ తర్వాతి ఆకుపచ్చకీ మధ్య కాగితం మీద బెత్తెడు ఖాళీ ఉంది.

"ఇక్కడ ఏం ఆలోచించావు?" అని అడిగాను.

"ఏం లేదు అంకుల్. ఏ ఎత్తు వేయాలో అప్పటికే తెలుసు." సిగ్గుపడుతూ వాళ్ళమ్మ వైపు చూసింది. "ఐసు బండి చప్పుడు వినపడింది. మలుపు దగ్గర ఆగిపోయింది. ఎత్తు మధ్యలో నెట్టు పోతుందేమోనని భయమేసింది. బండి వెళ్ళిపోయేదాకా చెయ్యి మౌస్ మీద పెట్టుకుని కూర్చున్నాను. వెళ్ళిపోయింది. అలమరలో గిన్నెలు మోగాయి. తెర మీద గడియారం నడుస్తూనే ఉంది. అప్పుడు ఏనుగుని జరిపాను."

బాబాయ్ ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. ఇప్పుడది టీవీ కింద, నియమాల అట్ట పక్కన ఉంది. మూలన చిన్న కుంకుమ బొట్టు ఉంది.